మూత చెక్క లేని టర్బో

పోయిన ఏడాది ఫిబ్రవరి పన్నెండో తేదీ, బుధవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నందిగామలో మా ఇంటి ముందు ఒక మోటార్ సైకిల్ ఆగింది. ముందు శ్రీను, వెనక కోటేశ్వరరావు, ఇద్దరి మధ్య ఒక యూరియా సంచి. ఆ సంచిలో పాత కారు నుంచి ఊడదీసిన టర్బో ఉంది. ఈ వ్యవహారం అక్కడ మొదలైంది కనుక నేనూ అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

డీజిల్ మెకానిక్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఐ.టి.ఐ.లో ఆ ట్రేడుకు ముప్పై ఒక్క ఏళ్ళు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేశాను. నా ప్రమోషన్లు, బదిలీలు మీకు అక్కర్లేదు. ఒక చెక్క ముక్క సంగతి మాత్రం అక్కర ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగి రాద్దామనుకున్నాను. ఆగితే అసలు రాయనేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

శ్రీను నా దగ్గర చదువుకున్నవాడు. జగ్గయ్యపేటలో హైవే పక్కన ట్రాక్టర్ల షెడ్డు పెట్టుకున్నాడు. కోటేశ్వరరావు అక్కడికి దగ్గర్లోనే, సున్నపురాయి లారీలు తిరిగే దారిలో ఉన్న ఊళ్ళో రైతు. నాలుగెకరాల పొలం, మూడు సిలిండర్ల చిన్న ట్రాక్టరు, దాని వెనక తగిలించే ఒక ట్రక్కు. మిర్చి బస్తాలను మా వైపు టిక్కీలంటారు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ ఊరి టిక్కీలను కోల్డ్ స్టోరేజీకి తోలడమే ఆయన బతుకుతెరువు. పొలం మీద వచ్చింది పొలానికే పోతుంది. ఇల్లు గడిచేది ఆ నాలుగు నెలల బాడుగ మీద.

ఆ ఊరి నుంచి రోడ్డు ఎక్కాలంటే ముందు సాగర్ కాలువ కట్ట ఎక్కాలి. నిండు ట్రక్కుతో ఆ ఎత్తు దగ్గర చిన్న ట్రాక్టరు నల్లపొగ కక్కి నిలబడిపోతుంది. సగం సగం వేసుకుని రెండు విడతలు తోలాలి. పక్కింటివాళ్ళు పెద్ద బండి కొన్నారు. అది ఒక్క విడతలో తీసుకుపోతుంది. రైతులు అటు తిరిగారు.

"పెద్ద బండి కొనే తాహతు లేదు మేడం గారూ. ఉన్నదానికే దమ్ము పెంచుతానంటున్నాడు మీవాడు. మీరు సరేనంటేనే చేయిస్తా. కాదంటే సంచి ఇట్నుంచి ఇటే తీసుకెళ్ళిపోతాం" అన్నాడు కోటేశ్వరరావు.

"వీడియోల్లో ఎంతమంది చేస్తన్నారో చూడండి మేడం. పికప్ మామూలుగా ఉండదు" అన్నాడు శ్రీను.

"పికప్ అనే మాట నా ముందు అనొద్దని నీకు రెండేళ్ళు చెప్పా."

"రెండేళ్ళూ అన్నా గదా మేడం."

నవ్వాను. కాఫీ ఇచ్చాను. టర్బో తీసి చక్రం చేత్తో తిప్పి చూశాను. ఊగడం లేదు, అంచులు విరగలేదు. షరతుల మీద సరేనన్నాను. టర్బో బిగించడం తప్పని నేను ఇప్పటికీ అనను. ఇంజను వదిలే పొగ వేడితో ఒక చక్రం తిరుగుతుంది, దానితోపాటు తిరిగే ఇంకో చక్రం గాలిని లోపలికి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిల్ పూర్తిగా మండుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. ఆ ఇంజను ఎంత ఓర్చుకుంటుందో లెక్క కట్టి, అంతకు మించి ఒత్తిడి రాకుండా బిగిస్తే పనిచేస్తుంది. నాకు కోపం టర్బో మీద కాదు.

డ్రాయింగ్ బోర్డు

అసలు చెక్క సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. వర్క్‌షాపులో స్టాండు మీద ఉన్న పాత ఇంజను స్టార్ట్ చేశాం. అది ఒక్కసారిగా రేసెత్తిపోయింది. స్టాప్ రాడ్ లాగాను. ఆగలేదు. డీజిల్ కొళాయి కట్టేశాను. ఆగలేదు. గది నిండా తెల్లపొగ. పిల్లలు బయటికి పరుగెత్తారు.

ఇది ఈ పనిలోకి వచ్చే ప్రతివాడికీ మొదటి రోజే తెలియాలి. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి, అది తీసేస్తే ఆగుతుంది. డీజిల్ ఇంజనుకు రవ్వ అక్కర్లేదు. గాలితోపాటు మండేది ఏది లోపలికి వచ్చినా దాంతో నడుస్తుంది. ఎక్కడి నుంచో నూనె కారి గాలి దారిలోకి వచ్చిందంటే, మీరు డీజిల్ ఆపినా అది ఆగదు. నూనె తాగుతూ, ఇంకా వేగం పెంచుకుంటూ, పగిలిపోయేదాకా తిరుగుతుంది. దాన్ని ఆపాలంటే గాలి ఆపాలి.

ఆ రోజు నా చేతికి అందింది పక్క గదిలో పిల్లవాడి డ్రాయింగ్ బోర్డు. దాన్ని తెచ్చి గాలి పీల్చే మూతికి అదిమిపెట్టాను. ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగింది. మర్నాడు నాకు మెమో వచ్చింది, ప్రభుత్వ డ్రాయింగ్ బోర్డు పాడు చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని.

సంజాయిషీ ఇచ్చాను. ఆ వారమే వడ్రంగి చేత టేకు చెక్కలు కోయించాను. జానెడు పొడవు, జానెడు వెడల్పు. ఒక వైపు పాత ట్యూబు రబ్బరు, ఇంకో వైపు తలుపుకు వేసే పిడి. వర్క్‌షాపులో ప్రతి ఇంజను పక్కనా మేకు కొట్టి ఒక్కొక్కటి తగిలించాను. మూత చెక్క అన్నాం దాన్ని. ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు ఆ చెక్క పట్టుకుని గాలి మూతి పక్కన నిలబడాలి. వంతులవారీగా అందరూ. అందరికంటే మార్కులు ఎక్కువ వచ్చినవాడితో మొదలుపెట్టేదాన్ని, అది గౌరవమని తెలియాలని.

పన్నెండేళ్ళు అలా నడిచింది. తర్వాత ఒక కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. మొదటి రౌండులోనే చెక్క పట్టుకుని నిలబడిన కుర్రవాడిని చూసి ఆగారు.

"వీడేం తప్పు చేశాడమ్మా?"

"తప్పేం లేదండి. కాపలా."

"ఊరికే నిలబెట్టే పనికి మంచి కుర్రాళ్ళెందుకు? లేటుగా వచ్చేవాళ్ళను నిలబెట్టండి. రెండూ కలిసొస్తయ్."

ఒప్పుకోనన్నాను. ఆయన ఆర్డరు వేశారు. ఆ రోజు నుంచి ఆలస్యంగా వచ్చినవాడికి చెక్క డ్యూటీ. నెల తిరక్కుండానే చెక్క పట్టుకున్నవాడిని చూసి మిగతావాళ్ళు నవ్వడం మొదలైంది. ప్రాణం కాపాడే పనిని ఆయన గోడ కుర్చీ చేసిపెట్టారు. నేను మూడుసార్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాను. క్రమశిక్షణ మెరుగుపడిందని ఆయనకు మంచి పేరు వచ్చింది. శాలువా కప్పించుకుని రిటైరయ్యారు.

శ్రీను ఆ రోజుల్లో మా విద్యార్థి. జగ్గయ్యపేట నుంచి వచ్చే అతని బస్సు ఏనాడూ వేళకు రాలేదు. రెండేళ్ళలో అతని చేతిలో స్పానరు కంటే చెక్కే ఎక్కువసేపు ఉంది.

రెండు ఆదివారాలు

ఫిబ్రవరి ఇరవై మూడున, మార్చి రెండున కోటేశ్వరరావు ఇంటి వాకిట్లో పని జరిగింది. రెండు రోజులూ నేను వెళ్ళాను. శ్రీను పని చూసి ముచ్చట పడ్డానని కూడా రాయాలి. ఎగ్జాస్టుకు అతను చేసిన ఇనుప పట్టీ, వెల్డింగు కంపెనీలో చేసినట్టే ఉన్నాయి. టర్బోకు నూనె వెళ్ళే గొట్టం, తిరిగి వచ్చే గొట్టం సరైన వాటంలో పెట్టాడు. డీజిల్ ఎక్కువ పోయేలా చేసే పంపు స్క్రూ జోలికి పోవద్దన్నాను. పోలేదు.

నేను పట్టుబట్టినవి మూడు.

మొదటిది, బండి ఆపేముందు రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వాలి. డీజిల్ దండగని మా వాళ్ళు బండి ఇంకా నిలబడకముందే స్టాప్ రాడ్ లాగేస్తారు. అలా చేస్తే వేడెక్కిన టర్బోలో నూనె మాడిపోతుంది.

రెండోది, పాత ఎయిర్ క్లీనర్ తీసేయాలి. ఆ ట్రాక్టరుకు పాతకాలం నూనె గిన్నె ఉంది. గాలి ఆ నూనె మీదుగా పోతుంటే దుమ్ము దాంట్లో పడిపోతుంది. టర్బో అంతకంటే ఎక్కువ గాలి గుంజుతుంది, గాలితోపాటు నూనెనీ లేపుకుపోతుంది. అందుకని గిన్నె ఊడదీయించి పెద్ద కాగితం ఫిల్టరు పెట్టించాను.

మూడోది మూత చెక్క. మా ఇంట్లో దాచుకున్న వాటిల్లో ఒకటి తీసుకెళ్ళి టర్బో పక్కన పట్టీకి మేకు వేయించి తగిలించాను. గాలి గొట్టానికి స్పానరు అక్కర్లేకుండా చేత్తో తిప్పే క్లిప్పు పెట్టించాను. కోటేశ్వరరావు చేత చేయించాను. క్లిప్పు తిప్పు, గొట్టం లాగు, మేకు మీది చెక్క అందుకో, మూతికి అదుము. పది సార్లు. ఆయన భార్య నాగమణి గడపలో కూర్చుని చూస్తూ, "మా ఆయన పెళ్ళి తంతు కూడా ఇంత శ్రద్ధగా చెయ్యలేదండీ" అంది.

రెండో ఆదివారం సాయంత్రం ట్రక్కు నిండా టిక్కీలు వేసి కట్ట ఎక్కించారు. మూడో గేరులో ఎక్కింది. పొగ లేదు. పక్కింటి పెద్ద బండి ఆయన కూడా వచ్చి చూశాడు. కోటేశ్వరరావు కట్ట మీద బండి నిలిపి, నేను చెప్పినట్టే రెండు నిమిషాలు తిరగనిచ్చి, అప్పుడు ఆపాడు. దిగి వచ్చి నాకు దణ్ణం పెట్టబోతే వద్దన్నాను.

మార్చి అంతా ఆ బండి ఒక్క విడతలో టిక్కీలు తోలింది. వదిలి వెళ్ళిన రైతులు వెనక్కి వచ్చారు. ఇదంతా నాగమణి ఫోనులో చెప్పేది.

ఫోనులో విన్నది

ఏప్రిల్ తొమ్మిది, మళ్ళీ బుధవారమే. ఉదయం ఎనిమిదికి పది నిమిషాలు ఉందనగా నాగమణి ఫోను చేసింది. రెండు రోజుల నుంచి నీలం పొగ వస్తోందట. శ్రీను వచ్చి చూస్తున్నాడట. ట్రక్కులో టిక్కీలు వేసి ఉన్నాయి, బయల్దేరాలి, నాకు ఓ మాట చెబుదామని చేసిందట.

నీలం పొగ అంటే నూనె మండుతోందని. "స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. ముందు ఫిల్టరు ఊడదీసి చూడమను" అన్నాను.

"ఫిల్టరెక్కడిదండీ? పోయిన్నెల్లోనే తీసేసి గిన్నె పెట్టేసాడు గదా."

ఇక అడగాల్సింది ఒక్కటే.

"గిన్నెలో నూనె ఎంత పోశారు?"

"నిండా పోసామండి. రాయి దుమ్ము గదా."

జగ్గయ్యపేట చుట్టుపక్కల రైతుల అలవాటు ఇది. గిన్నె లోపల గీత ఉంటుంది, నూనె అక్కడిదాకానే పోయాలి. సున్నపురాయి లారీల దుమ్ము ఎక్కువ కాబట్టి నూనె కూడా ఎక్కువ ఉంటే ఎక్కువ దుమ్ము పడుతుందని గీత దాటి పోస్తారు. తండ్రులు పోశారు, కొడుకులు పోస్తున్నారు. మామూలు ఇంజనుతో ఇన్నాళ్ళూ సరిపోయింది. కాగితం ఫిల్టరు వారానికోసారి దుమ్ముతో బిగుసుకుపోతుంటే ఎవరూ నన్ను అడగలేదు. అడిగితే ఇంకా పెద్ద ఫిల్టరు పెట్టమనేదాన్ని. శ్రీను పాత గిన్నె తెచ్చి పెట్టాడు. గీత దాటి పోసుకొమ్మన్నది కూడా అతనే.

నేను ఆపమని అరుస్తుండగానే ఇంజను స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది. పొగ రంగు చూద్దామని శ్రీను రేసు పెంచాడు. అంతే. ఆ చప్పుడు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగలేదు. పైకి, ఇంకా పైకి పోతూనే ఉంది. నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే చప్పుడు, ఈసారి నా చెవి పక్కన.

"గేరులో వేసి బ్రేకు తొక్కమను" అన్నాను. నాగమణి ఫోను పట్టుకుని పరుగెత్తింది. కోటేశ్వరరావు అప్పటికే కింద ఉన్నాడు. నేను నేర్పిన వరసలోనే చేస్తున్నాడని తర్వాత తెలిసింది. క్లిప్పు తిప్పాడు. గొట్టం లాగాడు. మేకు దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు.

"చెక్కేదిరా?" అన్న ఆయన గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"చేత్తో ముయ్యి బాబాయ్, చెయ్యి పెట్టెయ్" అని శ్రీను గొంతు.

ఇంజను ఆగిపోయింది. ఇంజను ఆగాక వచ్చిన ఆ నిశ్శబ్దానికి అర్థం ఏమిటో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. టర్బో మూతికి రెండు వేళ్ళ లోపలే చక్రం ఉంటుంది. అది తిరిగే వేగానికి రంపం కూడా చాలదు.

ఇప్పుడు రాయబోయే మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. ఆ రోజు నూనె వచ్చేది గిన్నె నుంచి. గొట్టం లాగిన క్షణానే ఆ నూనె ఆగిపోయింది. పైపుల్లో మిగిలిన కాస్తా మండేదాకా, మహా అయితే నాలుగైదు క్షణాలు, ఇంజను తిరిగి దానంతటదే ఆగిపోయేది. ఆ చెయ్యి అవసరమే లేదు.

విజయవాడ దారిలో

పక్కింటివాళ్ళ కారులో బయల్దేరారు. నేను నందిగామలో హైవే మీద నిలబడి ఎక్కాను. కోటేశ్వరరావు కుడిచేతికి రెండు తువ్వాళ్ళు చుట్టి ఉన్నాయి. కంచికచర్ల దాటాక ఆయన నా వైపు తిరిగాడు.

"మేడం గారూ, నేను వరస తప్పలేదు గదా?" అన్నాడు.

"తప్పలేదు."

"మేకుకి లేదండి అది."

"తెలుసు."

పరిటాలలో హనుమంతుడి విగ్రహం కనిపించినప్పుడు నాగమణి కారులోంచే చేతులు జోడించింది. కోటేశ్వరరావుకు జోడించడానికి చేతులు కుదరలేదు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి, "టిక్కీలు ట్రక్కులోనే ఉన్నయ్. ఎండలో..." అన్నాడు.

"పక్కింటోళ్ళు వాళ్ళ బండిలోకి మార్చుకుంటామన్నారులే. నువ్వు మాట్లాడబాక" అంది నాగమణి.



ఆసుపత్రి వరండాలో

శ్రీను మోటార్ సైకిల్ మీద వెనకే వచ్చాడు. వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏడ్చి ఉన్నాడు. నాకు జాలి కలగలేదు.

"గాలి ముయ్యాలని మీరే గదా మేడం చెప్పింది" అన్నాడు.

"దేంతో ముయ్యాలని చెప్పా?"

అతని చేతుల వైపు చూపించాను.

"రెండేళ్ళు నీ చేతిలో ఏం పట్టుకుని నిలబడ్డావురా?"

"అది లేటుగా వచ్చినందుకు గదండీ."

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో నన్ను అంత గట్టిగా కొట్టిన మాట ఇంకోటి లేదు. అతను అబద్ధం చెప్పడం లేదు. తప్పించుకోవడమూ లేదు. చెక్క అంటే అతనికి నిజంగానే అది. ఆ ప్రిన్సిపాల్ ఇప్పుడు నా ఎదుట ఉంటే ఏమంటానో ఇక్కడ రాయను.

అయితే అంతా ఆయన మీదికి తోసేసి శ్రీనును వదలను. చెక్క ఏమైందని అడిగాను. మార్చిలో ఆ బండి కట్ట ఎక్కడం వీడియో తీశాడట. పక్కన చెక్క వేలాడుతుంటే చేతకానివాడి పనిలా కనబడుతుందని తీసేశాడట. మళ్ళీ పెట్టాలన్న ధ్యాస లేకపోయిందట. ఫిల్టరు తీసిన సంగతి చెబితే నేను తిడతానని చెప్పలేదట. అవును, తిట్టేదాన్ని. తిట్లు తిని ఉంటే ఆయన చెయ్యి ఉండేది.

ఆ వీడియో తీసేయమన్నాను. తీసేశానని చెప్పాడు. అప్పటికే దాన్ని వేరేవాళ్ళు తీసుకుని తమదని పెట్టుకున్నారు. మొన్న వీరులపాడు నుంచి ఒక రైతు అదే వీడియో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, ఇలా చేయించుకోవచ్చా అని. దాంట్లో బండి కట్ట ఎక్కుతుంది, జనం చప్పట్లు కొడతారు, కోటేశ్వరరావు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి నవ్వుతుంటాడు. ఆ తర్వాత ఏమైందో దాంట్లో ఉండదు. చూసేవాళ్ళు అడగరు.

కొత్తగా వచ్చే పిల్లలూ, మీకు పెద్ద మాటలు చెప్పను. ఎవరి బండికైనా టర్బో బిగించండి, నాకేం అభ్యంతరం లేదు. బిగించిన రోజే చెక్క కూడా తగిలించండి. దాన్ని పట్టుకుని మీరే నిలబడండి, ఇంకొకరిని నిలబెట్టకండి. రైతు పద్ధతి మార్చాడేమో వారం వారం వెళ్ళి అడగండి, గిన్నెలో గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. మీ మేడం తిడుతుందని భయపడి దాచిపెట్టే రకమైతే ఈ పనిలోకి రావద్దు. అందంగా కనబడలేదని చెక్క తీసేసే రకమైతే అసలే రావద్దు.

ఇక పోయినవి రాసి ముగిస్తాను.

కుడిచేతి చూపుడు వేలు. మధ్య వేలు. ఉంగరపు వేలు సగం.

మూడు సిలిండర్ల ఇంజను ఒకటి. టర్బో చక్రం ముక్కలు లోపలికి పోయాయి. ట్రాక్టరు తూకానికి అమ్మేశారు.

ఆ ఏడాది మిగిలిన బాడుగ. ఈ ఏడాది బాడుగ మొత్తం.

స్టీరింగు పట్టుకునే పని. కోటేశ్వరరావు ఇప్పుడు పక్కింటివాళ్ళ పెద్ద బండి దగ్గర, ఎక్కించే టిక్కీలు లెక్కపెడుతున్నాడు.

నాకు దణ్ణం పెట్టబోయిన ఒక మనిషి దగ్గరికి నేరుగా వెళ్ళగలిగే మొహం.

మూత చెక్క పోలేదు. వాళ్ళ వాకిట్లో మూతి చిన్నదైన నీళ్ళ డ్రమ్ముకు మూతగా ఉంది. చూసి వచ్చాను. రబ్బరు కూడా చెక్కుచెదరలేదు.